పాపన్న ఆట - రెండో ఎడిషన్

మా గ్యాంగ్ లో అయిదుగురం. అందరం సాఫ్ట్వేర్ జనాలమే. ముగ్గురం నల్లగొండ వాళ్ళం, ఒకడు పాలమూరు, ఒకడు గుంటూరు. నెలకి రెండు శనివారాలు మా ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ చేరి ఆట ఆడతాం. పేకాట కాదండోయ్, మా ఆవిడే సాక్షి :) కాగితాలు, పెన్సిళ్ళు, పాచికలు, ఒక ప్లేటు మిర్చి బజ్జీలు. సరంజామా అంతే.

దీన్ని టేబుల్ టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఒకడు కథ నడుపుతాడు. "మీరు భువనగిరి గుట్ట కింద ఉన్నారు. అర్ధరాత్రి దాటింది. పైన కాపలావాడి దివిటీ కనిపిస్తోంది. ఏం చేస్తారు?" అంటాడు. మిగతా వాళ్ళు తలా ఒక పాత్ర. తమ పాత్ర ఏం చేస్తుందో చెప్తారు, ఆ పని అయ్యిందా బెడిసికొట్టిందా అన్నది పాచికలు తేలుస్తాయి. ఏ పనికి ఎన్ని పాచికలు, ఎవరికి ఎంత బలం అన్నది రూల్ బుక్ లో ఉంటుంది. ఈ తరహా ఆటల్లో మొదట పేరు తెచ్చుకున్నది డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. వాళ్ళు అంతకు ముందు బొమ్మ సైనికులతో పాత యుద్ధాలు ఆడుకునే బాపతు. ఆ యుద్ధాల ఆటల మూలాలు వెతికితే 1824లో ప్రష్యా సైన్యం తన ఆఫీసర్లకి నేర్పిన క్రీగ్స్ స్పీల్ దాకా పోతాయి. అంటే ఈ ఆటల వంశవృక్షంలోనే చరిత్ర ఉంది.

సాఫ్ట్వేర్ కి వర్షన్లు ఉన్నట్టే ఈ ఆటలకి ఎడిషన్లు ఉంటాయి. కొత్త ఎడిషన్ లో మార్పులు రెండు రకాలు. మొదటిది లెక్కల మార్పు. కత్తికి బలం ఎక్కువైంది, విల్లుకి తక్కువైంది, సరిచేద్దాం అని. దీని మీద ఎవరికీ పెద్ద పేచీ ఉండదు. రెండోది, ఆట తన ప్రపంచం గురించి చెప్పే మాటల్లో మార్పు. అసలు గొడవంతా ఇక్కడే. మంచి ఉదాహరణ డెడ్ లాండ్స్ అనే ఆట. 1996లో వచ్చింది. అమెరికా కౌబాయ్ ల కాలానికి దయ్యాలు కలిపిన కథ. ఆ కథలో అంతర్యుద్ధం తెగలేదు, బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల దేశం అలాగే నిలబడిపోయింది. పైగా బానిసత్వాన్ని వాళ్ళే రద్దు చేసుకున్నారు అని రాసేశారు. ఆడేవాడు ఏ ఇబ్బందీ లేకుండా దక్షిణాది సైనికుడి వేషం వేసుకోవచ్చు! 2019లో ఆ కంపెనీ వాళ్ళే ఇది మార్చేస్తున్నాం అని ప్రకటించి, తర్వాతి ఎడిషన్ లో ఆ దేశాన్ని తీసేశారు.

ఇలాంటి మార్పు ఎక్కడ జరిగినా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఆటే కదా, ఎందుకింత పట్టింపు?". రెండు, "చరిత్రని మార్చేస్తున్నారు". ఈ రెండూ నేనే అనేవాణ్ణి. నా సొంత ఆటకి రెండో ఎడిషన్ రాయాల్సి వచ్చేదాకా.

సరే, విషయానికొద్దాం.

హైదరాబాద్ నుంచి వరంగల్ రైల్లో వెళ్ళిన వాళ్ళందరికీ భువనగిరి గుట్ట తెలుసు. ఒకే రాయి, ఏనుగు పడుకున్నట్టు. దాని మీద కోట. అక్కణ్ణుంచి ఆలేరు, జనగామ దాటితే రఘునాథపల్లి దగ్గర ఖిలాషాపురం. ఇప్పుడు మనం 163 నంబర్ హైవే మీద గంటన్నరలో దాటేసే ఈ దారి, మూడొందల ఏళ్ళ కింద వ్యాపారులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటిన దారి. కారణం సర్వాయి పాపన్న. రికార్డుల్లో పాపడు. జనగామ తాలూకా ఒకప్పుడు మా నల్లగొండ జిల్లాలోనే ఉండేది కాబట్టి పాపన్న మావాడే అని మేం ముగ్గురం, కాదు వరంగల్ వాడని మిగతా ఇద్దరూ, ఈ తగువు మాకు మామూలే.

కథ తెలియని వాళ్ళకి క్లుప్తంగా. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. కొత్త అధికారులు దిగారు, పాత భూస్వాములు ఉండనే ఉన్నారు, శిస్తు ఎవరు వసూలు చెయ్యాలన్న గుంజాటన మొదలైంది. ఔరంగజేబు చూస్తే మరాఠాలతో తలమునకలుగా ఉన్నాడు. ఆ సందులో గీత కులంలో పుట్టిన పాపన్న మనుషుల్ని కూడగట్టుకుని దారి కాయడం మొదలుపెట్టాడు. తరిమితే కౌలాస్ జమీందారు వెంకట్రావు దగ్గర కొలువులో చేరాడు, అక్కడా పాత పనే చేస్తే జైల్లో వేశారు. జమీందారు కొడుక్కి జబ్బు చేస్తే పుణ్యం కోసం ఖైదీలను వదిలిపెట్టారు, అలా బయటపడ్డాడు. తిరిగొచ్చి షాపురంలో కోట కట్టాడు. కొలనుపాక ఫౌజ్దారు ఖాసిం ఖాన్ వీళ్ళ మీదికి వచ్చి చచ్చిపోయాడు. హైదరాబాద్ నుంచి రుస్తుం దిల్ ఖాన్ వచ్చి కోట కూలగొట్టి పోతే, ఈసారి రాయీ సున్నంతో ఇంకా గట్టిగా కట్టాడు. 1707లో ఔరంగజేబు పోయాడు, కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. 1708 మొహర్రం రోజుల్లో పాపన్న వరంగల్ మీద పడ్డాడు. రెండు నెలలకి, జూన్ లో, భువనగిరి మీద. 1709లో కొత్త పాదుషా బహదూర్ షా హైదరాబాద్ వస్తే 14 లక్షల రూపాయలు సమర్పించి గౌరవ వస్త్రం కూడా పుచ్చుకున్నాడు! ఆ తర్వాత అదే పాదుషా అతని మీదికి సైన్యాన్ని పంపాడు. 1710లో పట్టుకుని చంపి తల ఢిల్లీకి పంపారు, మొండెం హైదరాబాద్ కోట గుమ్మానికి వేలాడదీశారు.

ఇంతకన్నా మంచి ఆట ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? నాలుగు వీకెండ్లు కూర్చుని నలభై పేజీల రూల్ బుక్ రాశాను. మొదటి ఎడిషన్. మావాళ్ళు సూపర్ అన్నారు. నేనూ ఒక రేంజ్ లో ఫీలైపోయాను. ఆ తర్వాత ఒకటొకటిగా బగ్స్ వచ్చాయి.

బగ్ నంబర్ 1: లేబుల్

దసరాకి ఊరెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని తమ్ముళ్ళకి ఆట చూపిస్తున్నాను. పక్కింటి గౌడ్ తాత వచ్చి కూర్చున్నాడు. డెబ్బయి దాటాయి, మోకు పక్కన పెట్టి చాలా ఏళ్ళయింది. పాత్రల కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళకి దూరంగా పెట్టి చదివాడు. "పేరు: పాపడు. వృత్తి: బందిపోటు."

"పాపన్నను బందిపోటు అని ఎవలు రాసిన్రు మనవడా?"

"నేనే తాతా. చరిత్రల అట్లనే ఉన్నది."

"ఏ చరిత్రల?"

ఖాఫీ ఖాన్ అని ఒకాయన పారసీలో రాశాడని చెప్పాను. పాపన్న సొంత అక్కనే దోచుకుని ఈ బతుకు మొదలుపెట్టాడని రాసింది కూడా ఆయనే. తాత అంతా విని ఒకటే అడిగాడు. "ఆయన ఎవని ఉప్పు తిన్నడు?"

ఇంజనీరింగ్ లో నాలుగేళ్ళు, ఉద్యోగంలో పదిహేనేళ్ళు, ఇంత చిన్న ప్రశ్న నాకు తట్టలేదు. ఖాఫీ ఖాన్ మొగలుల కొలువులో ఉన్నవాడు. ఆయనకి పాపన్న దొంగే అవుతాడు, ఇంకేమవుతాడు? అట్లాగని ఆయన రాసిందంతా అబద్ధమనీ కాదు. తేదీలు, కోటలు, సర్దార్ల పేర్లు ఇంత వివరంగా మనకి దొరికింది ఆయన పుణ్యమే. లాగ్ ఫైల్ లాంటిది అన్నమాట. లాగ్ అబద్ధం చెప్పదు, కానీ ఏది లాగ్ చెయ్యాలో నిర్ణయించేది సర్వర్ ఓనరు.

రెండో మూలం పాట. తెలుగు పల్లెల్లో పాడుకున్న పాపన్న కథని జె.ఎ.బాయిల్ అనే ఇంగ్లీషాయన 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో అచ్చు వేయించాడు. ఆ పాటలో పాపన్న కులవృత్తి చేయనని తిరగబడ్డ వీరుడు. 1980లో జె.ఎఫ్.రిచర్డ్స్, మన వెల్చేరు నారాయణరావు గారు కలిసి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాశారు. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్ర పుస్తకంలో ఒక అధ్యాయం పాపన్నకే ఇచ్చాడు. నేను మొదటి ఎడిషన్ రాసేటప్పుడు ఇవన్నీ చదివాను. చదివీ "బందిపోటు" అని టైపు చేశాను. ఎందుకంటే రూల్ బుక్ లో "వృత్తి" అని ఒక గడి ఉంది, దాన్ని నింపాలి కాబట్టి! గడి మనచేత ఏం రాయిస్తుందో చూడండి.

మరి రెండో ఎడిషన్ లో ఏం చెయ్యాలి? బందిపోటు కొట్టేసి "మహావీరుడు" అని రాయాలా? తేలికైన పని అదే. ఫైండ్ అండ్ రీప్లేస్. కానీ అప్పుడు కూడా తీర్పు నేనే ఇచ్చినట్టు, ఆడేవాడికి తేల్చుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఆ గడి తీసేశాను. దాని బదులు "ఎవరేమంటున్నారు" అని ఒక పట్టిక. దేశ్ముఖ్ దగ్గర దొంగ, గీతకార్మికుడి ఇంట్లో దొర, వరంగల్ బట్టల వ్యాపారి దగ్గర పీడకల, 1709లో పాదుషా దర్బారులో గౌరవ వస్త్రం కట్టుకున్న పెద్దమనిషి. నాలుగు పేర్లూ ఒకే మనిషివి, ఒకే కాలంలో. ఆటలో మీరు ఏ గడప తొక్కితే ఆ పేరు పని చేస్తుంది.

బగ్ నంబర్ 2: టీములు

మొదటి ఎడిషన్ లో రెండు పక్షాలు పెట్టాను. ఒకవైపు పాపన్న దళం, వాళ్ళంతా హిందువులు. మరోవైపు మొగలులు, వాళ్ళంతా ముస్లింలు. ఏమీ ఆలోచించకుండానే పెట్టేశాను, అదే అసలు సమస్య. సినిమాలు, ఫార్వర్డులు చూసీ చూసీ బుర్రలో ఆ డిఫాల్ట్ సెట్టింగ్ వచ్చేసింది.

తీరా పాట ఏం చెప్తోంది? పాపన్న అనుచరుల్లో చాకలి ఉన్నాడు, మంగలి ఉన్నాడు, కుమ్మరి, మేదరి ఉన్నారు. హసన్, హుసేన్ ఉన్నారు, దూదేకుల పీరు ఉన్నాడు. మరి ఎదుటి పక్షం? పాపన్న మీద పాదుషాకి మొర పెట్టుకున్న వాళ్ళలో ముస్లిం పెద్దలూ ఉన్నారు, హిందూ భూస్వాములూ ఉన్నారు. మొదట్లో అతన్ని తరిమిన వాళ్ళలో స్థానిక జమీందార్లు ఉన్నారు, జైల్లో వేసింది వెంకట్రావు. ఈటన్ నొక్కి చెప్పేది కూడా ఇదే, ఈ గొడవని మతంతో కొలిస్తే లెక్క కుదరదని.

మా గుంటూరు మిత్రుడు ఒప్పుకోలేదు. "పండగ రోజులు చూసి కొట్టాడు కదా? వరంగల్ మొహర్రం, భువనగిరి మీలాద్" అన్నాడు. పాయింటే. కానీ దొంగతనానికి వచ్చేవాడు కాపలా సడలే రోజు చూసుకోడా? మన ఊళ్ళల్లో పీరీల పండగకి అన్ని కులాల వాళ్ళూ రోడ్డు మీదే ఉంటారు. దీనికి రెండు జవాబులూ ఉండొచ్చు. సరే అని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. రూల్ బుక్ లో తారీఖు ఉంటుంది, పండగ ఉంటుంది, పండగ రోజు కాపలా తక్కువ అని ఉంటుంది. ఉద్దేశం ఏమిటన్నది ఆడేవాళ్ళకి వదిలేశాం. టీములు మాత్రం ఎగిరిపోయాయి. ఇప్పుడు ప్రతి పాత్రకీ ఒక పని, ఒక అప్పు, ఒక శిస్తు బాకీ ఉంటాయి. పాపన్న వైపు వెళ్తాడా, ఫౌజ్దారు వైపు వెళ్తాడా అన్నది అక్కణ్ణుంచి పుడుతుంది.

బగ్ నంబర్ 3: ఖైదీలు

ఇది మా చెల్లి పట్టింది. తను వృత్తిరీత్యా టెస్టర్, కాబట్టి ఆశ్చర్యం లేదు. ఒక శనివారం మా ఇంటికొచ్చి నేనూ ఆడతా అంది. పాత్రలన్నీ అయిపోయాయి. వరంగల్ దాడిలో పట్టుబడి షాపురం కోటలో ఉన్న ఆడమనిషి పాత్ర ఇచ్చాను.

గంటసేపు ఓపిగ్గా కూర్చుంది. తర్వాత, "నా వంతు ఎప్పుడన్నా?" అంది.

"నువ్వు ఖైదీవి కదమ్మా. నీకు వంతు ఉండదు."

"మరి నన్నెందుకు కూర్చోబెట్టినవ్?"

రూల్ బుక్ తిరగేశాను. వరంగల్ నుంచి పాపన్న మనుషులు సొమ్ముతో పాటు వేలమందిని చెరపట్టుకుపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు, ఖాజీ గారి భార్యాపిల్లలు కూడా ఉన్నారు. నా పుస్తకంలో వాళ్ళ గురించి ఉన్నది ఒకటే లైను. "ప్రతి పది మంది ఖైదీలకు ఒక పాయింటు." బంగారానికీ అదే పట్టిక, బట్టల మూటలకీ అదే పట్టిక. పాపన్నని దొంగ అన్నందుకు తాత అడిగాడు కాబట్టి దిద్దుకున్నాను. వీళ్ళ తరఫున అడగడానికి అరుగు మీద ఎవరూ కూర్చోలేదు.

ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. ఇది న్యాయం, అన్యాయం ప్రశ్న మాత్రమే కాదు. నా ఆట చరిత్రగా కూడా తప్పు. షాపురం కోట ఎట్లా చేజారింది? ఫిరంగులతో కాదు. పాపన్న బయట ఎక్కడో ముట్టడిలో ఉండగా, కోటలో బందీగా ఉన్న తన తోబుట్టువుకి పాపన్న భార్యే అన్నంలో ఆకురాళ్ళు పెట్టి పంపింది. సంకెళ్ళు కోసుకుని వాడు బయటపడ్డాడు, మిగతా ఖైదీలని విడిపించాడు, అందరూ కలిసి కావలివాళ్ళని పడగొట్టారు. పాపన్న తిరిగొచ్చేసరికి తన కోట ఫిరంగులే తన మీద పేలాయి. పాపన్న పతనం అక్కడ మొదలైంది. అంటే కథని మలుపు తిప్పింది నేను వంతు ఇవ్వని మనుషులు. ఒకరు ఖైదీ, ఒకరు ఇల్లాలు. నా రూల్స్ ప్రకారం అయితే ఆ కోట ఎప్పటికీ పడదు!

రెండో ఎడిషన్ లో ఖైదీలకి వంతు ఉంది. వాళ్ళ దగ్గర కత్తి లేదు. గమనించడం, కబురు పంపడం, ఓపిక పట్టడం, కావలివాడితో మాట కలపడం ఉన్నాయి. కోటలో ఖైదీలు పెరిగే కొద్దీ పాపన్నకి పాయింట్లు పెరగవు, ప్రమాదం పెరుగుతుంది. ఈ ఒక్క మార్పుతో ఆట రుచే మారిపోయింది. ఇప్పుడు ఎవరినైనా చెరపట్టే ముందు మావాళ్ళు ఆగి ఆలోచిస్తున్నారు.

ఇదంతా అయ్యాక గుర్తొచ్చింది, చిన్నప్పుడు బండ మీద బొగ్గుతో గీసుకుని ఆడిన పులి మేక. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకని చంపగలదు. మేక దేన్నీ చంపలేదు. కానీ మేకకీ వంతు ఉంది. దారులన్నీ మూసేసి పులిని కట్టేస్తే మేకలదే గెలుపు. మనవాళ్ళు ఎప్పుడో తేల్చిన డిజైన్ ఇది. నేను నలభై పేజీలు రాసి దాన్ని మిస్సయ్యాను.

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండు మాటల దగ్గరికొస్తాను. "ఆటే కదా" అనేవాళ్ళకి: అవును, ఆటే. అయితే మా తమ్ముళ్ళు పాపన్న గురించి విన్నది పాఠంలో కాదు, ఈ ఆటలోనే. "చరిత్రని మార్చేస్తున్నారు" అనేవాళ్ళకి: ఏది మార్చకూడదో నేను ఒక గీత గీసుకున్నాను. తారీఖులు, ఊళ్ళు, ఎవరు ఎవరిని కొట్టారు, ఎవరిని చెరపట్టారు, ఇవి కదపను. పాపన్నకి నప్పనివి కూడా. మార్చేది రెండే. నేను తొందరపడి ఇచ్చేసిన తీర్పులు, నేను మర్చిపోయిన వంతులు. కొత్త ఎడిషన్ అంటే పాత విలన్ కి కిరీటం పెట్టడం కాదు. పాత ఎడిషన్ లో ఎవరు నోరు మూసుకుని కూర్చున్నారో చూసుకోవడం. అలా చూసుకున్న ప్రతిసారీ నా చరిత్ర కాస్త మెరుగుపడిందే తప్ప చెడిపోలేదు.

మా పాలమూరు వాడు తర్వాతి ఆట 1946 మీద చేద్దామంటున్నాడు. కడవెండి, దొడ్డి కొమురయ్య, 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం. నేను ఇంకా సరే అనలేదు. పాపన్నకి మూడొందల ఏళ్ళు. ఇది మా తాతల నాటి మాట. మా టేబుల్ దగ్గరే ఒకడి తాత దళంలో తిరిగిన మనిషి, ఇంకొకడి తాత ఊరొదిలి హైదరాబాద్ పారిపోయిన పటేలు. ఇద్దరూ ఒకే ప్లేట్లో బజ్జీలు తింటున్నారు. వంతులు ఇవ్వడం చేతనైందని నమ్మకం కుదిరాక చూద్దాం.

మొన్న సంక్రాంతికి రెండో ఎడిషన్ ప్రింటు తీసుకుని ఊరెళ్ళాను. తాతకి చదివి వినిపించాను. వృత్తి గడి తీసేశానంటే నవ్వాడు. ఖైదీల పేజీకి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఆడోళ్ళను చెరబట్టింది కూడ రాసినవా?"

"రాసిన తాతా. తీసెయ్యమంటవా?"

చాలాసేపు ఏమీ అనలేదు. గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను కాగితాలు సర్దుకుంటుంటే అప్పుడన్నాడు.

"అబద్ధమైతే తీసెయ్యమందును. ఉండనీ."

రెండో ఎడిషన్ రిలీజ్ అయినట్టే. మూడో ఎడిషన్ కి బగ్స్ మీరు చెప్పండి.